నిప్ పడవలోకి రానంటోంది

ప్రూడెన్స్ పడవ,
హేజెల్‌బీ లాకు దిగువ,
డిసెంబరు 3, 1998

తమ్ముడు జేబెజ్‌కి,

నోరు నాది, చెయ్యి మాత్రం మ్యూరియల్ గారిది. ఆవిడ పక్క పడవలో ఉంటారు. రిజిస్ట్రారు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు జననాలూ మరణాలూ రాసిన మనిషి. నేను తిట్టింది తిట్టినట్టు రాస్తానని మాటిచ్చారు. కాబట్టి ఇందులో ఏదైనా మెత్తగా కనిపిస్తే అది ఆవిడ తప్పు.

మంచి మాట ముందే చెప్పేస్తాను, తర్వాత దానికి చోటుండదు. నువ్వు అల్లి పంపిన తాడు దిండు పది రోజుల కింద చేరింది. ముప్ఫై అయిదేళ్లుగా గట్టు మీద ఇంట్లో బతుకుతున్నావు, ముళ్లు మరిచిపోయి ఉంటావనుకున్నాను. మరిచిపోలేదు. రెండో వరస కాస్త వదులు. అమ్మ ఉంటే విప్పించి మళ్లీ అల్లించేది కాదులే, ఒక మొట్టికాయతో సరిపెట్టేది. దారిన పోయేవాళ్లకి కనపడేట్టు కట్టమని రాశావు కదా. గట్టు వైపునే కట్టాను, పడవ పక్కన నేను రంగులేసిన గులాబీల పలక కింద. పడవ రాతిగట్టుకి ఒరుసుకోకుండా కాస్తోంది. నిన్న ఒకాయన సైకిలు దిగి మరీ చూసిపోయాడు.

ఇక నీ హీటరు సంగతి.

నా బొగ్గు పొయ్యి అరవై ఏళ్లు మండింది. ఒక్క రోజు నన్ను ప్రశ్న అడగలేదు. పోయిన వేసవిలో వచ్చి, భుజం పడిపోయింది, బస్తాలు ఎత్తలేవు అక్కా అని దాన్ని పీకించావు. ఇంజను గదిలో ఈ ఇనపపెట్టె బిగించావు. డీజిలు తాగుతుంది, మీట నొక్కితే చాలు, సముద్రం మీద చేపల పడవలన్నిట్లో ఇదే అన్నావు. అక్టోబరంతా నడిచింది, ఒప్పుకుంటాను. ఇప్పుడు వారం రోజుల నుంచి దీని వరస ఇలా ఉంది. మీట నొక్కితే గాలి ఊదుతుంది. టిక్కు టిక్కుమని డీజిలు లాగుతుంది. భగ్గుమని అంటుకుంటుంది. నేను టీ కప్పు పట్టుకుని కూర్చునేసరికి, పది నిమిషాలు కాకుండానే, దగ్గి, కంపు కొట్టి, ఎర్రదీపం వేసుకుని పడుకుంటుంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే నాటకం.

జనవరి పద్నాలుగున కాలువ ఆఫీసు ఇన్‌స్పెక్టరు వస్తాడు. నిప్పు, వాయువు, కరెంటు అన్నీ చూసి సర్టిఫికెట్టు ఇస్తాడు. అది లేకపోతే పడవకి లైసెన్సు లేదు. లైసెన్సు లేకపోతే నన్ను ఏదో ఊళ్లో మూడో అంతస్తు గదిలో పెడతారు. నేను ఈ పడవ వెనక గదిలో పుట్టాను. ఏ మెట్లూ ఎక్కి పైకి వెళ్లి పడుకోలేదు ఇంతవరకూ.

పెట్టె నువ్వు పెట్టావు. నువ్వే బాగుచెయ్యి.

నీ అక్క థర్జా
(సంతకం చోట కుంచెతో వేసిన చిన్న ఎర్ర గులాబీ)


పీటర్‌హెడ్,
డిసెంబరు 8

అక్కా,

నీ గులాబీ చూసి కడుపు నిండింది. ఒక్కో రేకు ఒక్క విసురు, ఇప్పటికీ చెయ్యి చెదరలేదు.

ఇదంతా ఫోనులో అయితే అయిదు నిమిషాల పని. కానీ నువ్వు పబ్బు ఫోను పట్టుకుని "వినపడుతోందా!" అని మూడుసార్లు అరిచి, నేను వినపడుతోంది అనేలోపు పెట్టేస్తావు. అందుకని ఒక్కొక్కటే రాస్తున్నాను, మ్యూరియల్ గారు నెమ్మదిగా చదివి వినిపించాలి.

ఎర్రదీపం ఊరికే వెలగదు, లెక్కపెట్టి మిణుకుతుంది. ఎన్నిసార్లు మిణికి ఆగుతుందో చూడు. మూడయితే బ్యాటరీలో బలం లేదు. రెండయితే అసలు మంట పట్టలేదు. అయిదయితే పట్టిన మంట ఆరిపోయింది. డీజిలు గొట్టం ఒకచోట పారదర్శకంగా ఉంటుంది, టిక్కు టిక్కుమనేటప్పుడు అందులో బుడగలు పోతున్నాయేమో చూడు. ట్యాంకు అడుగున నీళ్లు చేరతాయి, కింది మర తిప్పి ఒక సీసాలోకి పట్టు, నీళ్లుంటే అడుక్కి దిగుతాయి. ఇంకొకటి, నువ్వు పొదుపు చేద్దామని సెగ తగ్గించి పెడుతున్నావేమో. అలా చేస్తే లోపల మసి కడుతుంది. వెలిగిస్తే గట్టిగానే వెలిగించు.

అన్నిటికన్నా ముఖ్యం పొగ కన్నం. గులాబీల పలక కింద, గట్టు వైపు, నువ్వు పట్టుబట్టి ఇత్తడి రింగు వేయించుకున్నావే, అదే. పిట్ట గూడో, ఆకులో, మంచో దానికి అడ్డం పడకూడదు. పొగకి దారి లేకపోతే మంటకి ఊపిరాడదు. లోపలున్న మనిషికి కూడా.

తలుపు పక్కన నేను బిగించిన తెల్ల అలారం పనిచేస్తోంది కదా?

పద్నాలుగో తేదీకి తేలకపోయినా దిగులు పడకు. రైలెక్కి ఇక్కడికి వచ్చేయ్. మార్చి దాకా ఉండు. ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి, కిటికీలోంచి రేవు కనిపిస్తుంది.

నీ తమ్ముడు,
జేబెజ్


ప్రూడెన్స్,
డిసెంబరు 15

జేబెజ్‌కి,

ఆఖరి నాలుగు ముక్కలు మొదట చూద్దాం. రైలెక్కి రావాలా? అసలు సంగతి ఇదీ! అరవై మూడు చలికాలంలో కాలువ గడ్డకట్టి, మనం పది వారాలు ఒక్కచోటే ఇరుక్కుపోయినప్పుడు, నువ్వు సంచి భుజాన వేసుకుని మంచు మీద నడిచి గట్టెక్కిపోయావు. వెనక్కి తిరిగి "నువ్వూ రా అక్కా" అన్నావు. అప్పుడు నేను రాలేదు. ఇప్పుడు ఒక ఇనపపెట్టె పెట్టి, అది చెడితే నేను వస్తానని చూస్తున్నావు. నీ రేవూ వద్దు, నీ కిటికీ వద్దు.

నీ ప్రశ్నలకి జవాబులు. నేను చదవలేను కానీ లెక్కపెట్టగలను. అయిదుసార్లు. అయిదు మిణుకులు, ఒక ఆగు, మళ్లీ అయిదు. డీజిలు సీసాలోకి పట్టాను, ఎండకి ఎత్తి చూశాను, చర్చి కిటికీలా తేటగా ఉంది. గొట్టంలో బుడగల్లేవు. సెగ తగ్గించలేదు. అంత తెలివితక్కువదాన్ని కాను.

పొగ కన్నం అడిగావు. ఒరే, నా పడవ మీద ఇత్తడి ఉంటే దానికి ఏమైనా అడ్డం పడనిస్తానా? రోజూ పొద్దున్నే, హీటరు వెలిగించకముందే, గుడ్డా పాలిషూ పట్టుకుని ఆ రింగు తోముతాను. వేలు పెట్టి లోపల మసి కూడా తీస్తాను. నా మొహం కనిపిస్తుంది అందులో. పిట్టగూడట! ఏ పిట్టకి అంత ధైర్యం?

నీ తెల్ల అలారం కూడా హీటరుకి తగ్గదే. హీటరు అంటుకున్న కాసేపటికల్లా గావుకేకలు మొదలెడుతుంది. పొయ్యి లేదు, పొగ లేదు, ఊరికే అరుపు. రెండు రోజులు ఓర్చుకున్నాను. ఇప్పుడు పిండి డబ్బాలో పెట్టి మూత బిగించాను. ప్రాణం హాయిగా ఉంది.

ఒక్క ఆదివారం మాత్రం హీటరు బుద్ధిగా నడిచింది. ఆ రోజు పడవ గట్టువైపంతా సబ్బు పెట్టి కడిగాను, నీ తాడు దిండు కూడా ఉతికి పైకప్పు మీద ఆరేశాను. నేను కడిగినంతసేపూ, మధ్యాహ్నం దాకా, పిల్లిలా గురగురమంటూ మండింది. బహుశా ఆదివారమని భయం. సోమవారం మళ్లీ మామూలే.

నిప్ కూడా నీ జట్టులో చేరింది. పదకొండేళ్లు నా కాళ్ల మీద పడుకున్న కుక్క, ఇప్పుడు పిలిస్తే మెట్ల దాకా వచ్చి, మూతి లోపలికి పెట్టి వాసన చూసి, వెనక్కి పోతుంది. మంచు పడుతున్నా గట్టు మీదే గడ్డిలో పడుకుంటోంది. దానికీ గట్టు బతుకు రుచించినట్టుంది. పిలవడం మానేశాను.

థర్జా
(చిన్న ఎర్ర గులాబీ, ఒక రేకు కాస్త జారింది)

జేబెజ్ గారూ, ఈ కింది నాలుగు మాటలూ ఆవిడ చెప్పినవి కావు. మ్యూరియల్‌ని. ఆవిడ చదవలేరు కనుక ఇలా రాయడం నాకు తప్పుగానే ఉంది. కానీ ఆవిడకి రోజూ తలనొప్పి. నేను రాసుకుంటుంటే ఒకే మాట రెండుసార్లు చెప్పారు, చెప్పలేదని నాతో దెబ్బలాడారు. నిన్న చేతిలోంచి కప్పు జారింది. బుగ్గలు చలికాలపు ఆపిల్ పండులా ఎర్రగా ఉన్నాయి. ఆరోగ్యమేమో అనుకుందునా అంటే నాకు అలా అనిపించడం లేదు.


పీటర్‌హెడ్,
డిసెంబరు 19

అక్కా,

మ్యూరియల్ గారు నీ ఉత్తరం కింద రాసిన నాలుగు మాటలు చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

ఆ హీటరు ఇక వెలిగించకు. వెలగదని కాదు, వెలిగితేనే భయం. ఆ అలారం చెడలేదు అక్కా. అది చెప్పేది నిజం. లోపల విషవాయువు ఉంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, బుగ్గలు ఎర్రబడటం, ఇవే దాని గుర్తులు. మేము రేవులో ఒక పడవ నుంచి ఇద్దరిని ఇలాగే దించాం, ఇద్దరూ నిద్రపోతున్నట్టే ఉన్నారు. నిప్ గట్టు మీద ఎందుకు పడుకుంటోందో దానికి తెలుసు.

మ్యూరియల్ గారి పడవలో పడుకో. తలుపు తెరిచి ఉంచు. అయిదు మిణుకులంటే మంట ఊపిరాడక ఆరిపోతోందన్నమాట. కన్నం శుభ్రంగా ఉందంటున్నావు, నువ్వు అబద్ధం చెప్పే మనిషివి కావు. మరి ఎక్కడుంది అడ్డు? గొట్టం మధ్యలో నలిగిందేమో. హీటరు వెలిగించకుండా పడవని పడవలు బాగుచేసే షెడ్డుకి తీసుకెళ్లి విప్పించి చూపించు. నా కోసం కాదు. పద్నాలుగో తేదీ కోసమూ కాదు.

జేబెజ్


లాకు పబ్బు,
హేజెల్‌బీ,
డిసెంబరు 29

జేబెజ్‌కి,

ఇది పబ్బు యజమాని క్లెమ్ గారు రాస్తున్నారు. ఆయన అక్షరాలు బీరు పీపాల్లా ఉంటాయని ఆయనే అంటున్నారు. ఏం ఫరవాలేదు. దొంగ రాతలుండవు.

నీ ఉత్తరం వచ్చింది. మొదటి వాక్యం చదివి మ్యూరియల్ ఆపేసింది. "కింద రాసిన నాలుగు మాటలు" ఏమిటమ్మా అన్నాను. చెప్పింది. నా నోటితో నేను చెప్పని మాటలు, నా గులాబీ కింద! అయితే నా వెనక మీ ఇద్దరూ ఉత్తరాలు నడుపుతున్నారన్నమాట, ముసలిది చెడిపోయింది, గట్టెక్కించాలి అని. ఉత్తరం లాక్కుని కాలువలో పడేశాను. మిగతాది చేపలు చదువుకున్నాయి. మ్యూరియల్ గట్టు మీద నిలబడి ఏదేదో అరిచింది. తలుపేసుకున్నాను. మర్నాడే క్రిస్మసుకి వాళ్ల చెల్లెలింటికి పోయింది, మంచిదే అయింది.

నువ్వే గెలిచావని అనుకుంటావేమో, విను. ఇరవై మూడున నేనే తాళ్లు విప్పి, ఒక్కదాన్నే, రెండు మైళ్లు పడవ నడుపుకుంటూ షెడ్డుకి పోయాను. అక్కడి మేస్త్రీ హీటరు వెలిగించాడు. రెండు గంటలు మండింది! దగ్గలేదు, ఆగలేదు, దీపం వెయ్యలేదు. ఆ మనిషి చేతులు తుడుచుకుంటూ "పెద్దమ్మా, దీనికి ఏ జబ్బూ లేదు, నువ్వే దానికి జబ్బు అంటగడుతున్నావు" అని నవ్వాడు. అంతా నవ్వారు. నేను తలెత్తుకుని వచ్చాను. అంటే హీటరు బాగుంది, నేనూ బాగున్నాను, మీ ఇద్దరి గుసగుసలే బాగాలేవు.

తిరిగొచ్చి నా చోటే కట్టుకున్నాను, నీ దిండు మళ్లీ దాని చోట వేసి. క్రిస్మసు నాటి నుంచి గడ్డకట్టే చలి. నీళ్ల గొట్టం బిగిసిపోయింది. హీటరు మళ్లీ పాత పాటే. అయినా మేస్త్రీ బాగుందన్నాడు కదా, ఆగినప్పుడల్లా నొక్కుతున్నాను. ఎనిమిదిసార్లు, పదిసార్లు. తలుపులూ కిటికీలూ సందుల్లో గుడ్డలు కుక్కాను, పుట్టిన కాస్త సెగ పోకుండా. పండక్కి క్లెమ్ పంపిన పుడ్డింగు తినబుద్ధి కాలేదు. నిద్ర మాత్రం బాగా పడుతోంది.

ఇన్‌స్పెక్టరు రానీ. చూపిస్తాను.

థర్జా
(సంతకం చోట రెండు గీతలు)


పీటర్‌హెడ్,
డిసెంబరు 31, పగలు పన్నెండుంబావు

అక్కా,

ఈ ఉత్తరం నువ్వు వింటావో లేదో తెలియదు. ఎడమ చేత్తో ఫోను చెవికి పెట్టుకుని కుడి చేత్తో రాస్తున్నాను. ఏదో ఒకటి చెయ్యకుండా కూర్చోలేను. నిన్ను పడవలోంచి బయటికి తెమ్మనగానే అవతల క్లెమ్ ఫోను కిందపెట్టి పరుగెత్తాడు. ఆయన బూట్ల చప్పుడు తలుపు దాకా విన్నాను.

నీ ఉత్తరం పదకొండింటికి వచ్చింది. మొదట సంతకం చూశాను. గులాబీ లేదని కోపమనుకున్నాను. తర్వాత ఆ రెండు గీతలు చూశాను. అవి ఒకదాన్నొకటి తాకనే లేదు అక్కా. అరవై ఏళ్లు బకెట్ల మీదా తలుపుల మీదా ఒక్క విసురుకి రేకు వేసిన చెయ్యి, రెండు గీతలు కలపలేకపోయింది.

తర్వాత మిగతాది చదివాను. షెడ్డులో రెండు గంటలు మండిందన్నావు. ఆదివారం కడిగేటప్పుడు మండిందన్నావు. కట్టుకుని ఉన్నప్పుడు ఆరిపోతోంది. పడవ అదే, డీజిలు అదే, కన్నం అదే. ఏమిటి తేడా అని ఈ గదిలో అటూ ఇటూ తిరిగాను. ఇక్కడి మెకానిక్కులు ఎవరూ చెప్పలేరు. పడవలో పుట్టినవాడు తప్ప ఎవరూ చెప్పలేరు.

కదిలేటప్పుడు దిండ్లు పైకి తీసేస్తాం. వేలాడేసుకుని వెళ్లేది సెలవులకి వచ్చిన గట్టు మనుషులు. ఒకసారి నేను మరిచిపోతే, లాకు గోడకి దిండు ఇరుక్కుని పడవ బిగుసుకుపోతే, నాన్న నన్ను అక్కడే దింపి మూడు మైళ్లు నడిపించాడు. నువ్వు దారంతా నవ్వావు. నువ్వు షెడ్డుకి వెళ్లేముందు ఆ దిండు తీసి పైకప్పు మీద పెట్టి ఉంటావు. ఆలోచించకుండానే పెట్టి ఉంటావు. ఆదివారం కూడా అది కప్పు మీదే ఆరుతోంది.

మిగతా రోజులన్నీ అది గులాబీల పలక కింద ఉంది. కన్నం కూడా అక్కడే ఉంది. నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు. దానికి జవాబులో నేనూ అదే చోటు పేరు రాశాను. రెండూ ఒకటని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దున్నే దిండు పక్కకి ఎత్తి, రింగు తోమి, మంచుకి ఇత్తడి మాయకుండా మళ్లీ దిండు దాని మీదకి వదులుతున్నావు, కదూ? అందుకే "ఏమీ అడ్డం లేదు" అన్నావు. నువ్వు చూసినప్పుడు లేదు మరి. పడవ గట్టుకి ఒత్తుకునేసరికి దిండు కన్నంలోకి దిగబడుతుంది. పొగ వెనక్కి తన్ని, గొట్టం అతుకుల్లోంచి గదిలోకి వస్తుంది. సందుల్లో గుడ్డలు కుక్కానన్నావు.

నేను అల్లిన దిండు. అందరికీ కనపడేట్టు కట్టమన్నది నేను. కన్నం ఆ చోట కోసింది నేను.

పన్నెండున్నర అయింది. అవతల ఎవరో బాణాల ఆట ఆడుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు. ఒకాయన "క్లెమ్ ఎక్కడ, బీరు పోసేదెవరు?" అంటున్నాడు. నేను ఫోనులో అరిచాను. ఎవరికీ వినపడలేదు. నువ్వు "వినపడుతోందా" అని ఎందుకు అరుస్తావో ఇప్పుడు అర్థమైంది.

అక్కా, నేను అరవై మూడులో మంచు మీద నడుస్తూ వెనక్కి తిరిగి చూసినప్పుడు నువ్వు పడవ ముందు నిలబడి ఉన్నావు, చెయ్యి ఊపలేదు. కోపమనుకున్నాను. ఇన్నేళ్లూ అదే అనుకున్నాను. చలికి నీ చేతులు చంకల్లో పెట్టుకుని ఉన్నావేమో అని ఇవాళ తట్టింది. ఏదైనా సరే, నువ్వు ఆ పడవలోనే ఉండు. నేను ఇంకెప్పుడూ రైలు మాట ఎత్తను. ఉంటే చాలు.

కుక్క మొరుగుతోంది, దూరంగా. అది నిప్ గొంతేనా?

ఎవరో ఫోను తీశారు.


ప్రూడెన్స్,
జనవరి 16, 1999

తమ్ముడు జేబెజ్‌కి,

మ్యూరియల్ గారి చెయ్యి మళ్లీ పనిలోకి వచ్చింది. ఆవిడకి క్షమాపణ చెప్పాను. నాకది అలవాటు లేదు, ఎలా చెప్పాలో ఆవిడే నేర్పాల్సి వచ్చింది.

ఆసుపత్రి నుంచి నీతో ఫోనులో మాట్లాడాను గానీ, మూతికి ఆక్సిజన్ తొడుగు పెట్టి ఏం మాట్లాడనిచ్చారు? అందుకని జరిగింది మొదటి నుంచి చెబుతాను, నాకు తెలిసినంత.

క్లెమ్ వచ్చేసరికి నేను మెట్ల కింద నేల మీద కూర్చుని ఉన్నానట, ఒళ్లో నీళ్ల బకెట్టు పెట్టుకుని. అందులో నీళ్లు లేవు. ఆయన నన్ను భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. నేను ఆయన చెవి కొరికానట. నాకు గుర్తు లేదు గానీ నమ్ముతాను. గాలిలోకి రాగానే "నా పడవ మీద బూట్లతో అడుగుపెట్టావేంరా" అన్నానట, అప్పుడు ఆయనకి ధైర్యం వచ్చిందట. నిప్ ఆ పొద్దున నుంచీ గట్టు మీద నిలబడి మొరుగుతూనే ఉంది. దారిన పోయేవాళ్లు పిచ్చికుక్క అని తప్పుకుపోయారు.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. మూడో అంతస్తు. చూశావా, ఆఖరికి మెట్లెక్కించారు నన్ను! నర్సు ఎక్కడ పుట్టారు అంటే నీళ్ల మీద అన్నాను. మతి ఇంకా రాలేదని కాగితంలో రాసుకుంది.

నీ ఉత్తరం మ్యూరియల్ చదివింది. ఈసారి చివరిదాకా విన్నాను. నీ దిండు తప్పేం లేదు. దాన్ని రోజూ ఎత్తి, మళ్లీ నా చేత్తో నేనే కన్నం మీదకి దించాను. ఇత్తడి మాసిపోతుందని. ఈ మాట నేను చెప్పానని పీటర్‌హెడ్‌లో ఎక్కడైనా అంటే నేను అనలేదంటాను.

అరవై మూడు సంగతి. చేతులు చంకల్లోనే ఉన్నాయి. కోపం కూడా ఉంది. రెండూ.

పద్నాలుగున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, పడవలోకి మూడు ముక్కలుగా మడుచుకుని దిగాడు. దిండు ఇప్పుడు పడవ వెనక భాగాన కట్టాను, అక్కడ కన్నాలేం లేవు. షెడ్డు మేస్త్రీ వచ్చి గొట్టం అతుకులన్నీ కొత్తవి వేసి, నవ్వకుండా వెళ్లాడు. అలారం పిండి దులిపి తలుపు పక్కన బిగించాం. ఇన్‌స్పెక్టరు దాని మీట నొక్కితే గావుకేక పెట్టింది, నాకు దాని గొంతు ఇంత ముద్దుగా ఎప్పుడూ అనిపించలేదు. హీటరు గంటసేపు నడిపించాడు. నేను కుర్చీలో కూర్చుని ఆ గంటా దీపం వైపే చూశాను. మిణకలేదు. అరవయ్యో నిమిషానికి ఆయన పెన్ను తీశాడు.

నాలుగేళ్లకి సర్టిఫికెట్టు. నాకు డెబ్భై ఎనిమిది వచ్చేదాకా నన్నెవరూ కదపలేరు. తర్వాత సంగతి తర్వాత.

ఇంకొకటి. కన్నం చుట్టూ ఇత్తడి రింగు తీయించేశాను. మామూలు ఇనుముది వేశారు, నల్లగా, వికారంగా. మెరిసేది ఉంటే దాన్ని ఏదో ఒకటి కప్పి కాపాడాలనిపిస్తుంది నాకు, ఆ బుద్ధి ఈ వయసులో పోదు. ఇప్పుడు పొగ నేరుగా బయటికొచ్చి గులాబీల పలక అంచుని నల్లగా చేస్తోంది. చెయ్యనీ. ఏప్రిల్‌లో వచ్చి నువ్వే తెల్లరంగు వెయ్యి, నా భుజం లేవడం లేదు. గులాబీలు నేను వేస్తాను. పక్క మంచం ఖాళీగానే ఉంది, నీ కాళ్లు బయటికొస్తాయి, ముడుచుకుని పడుకో. చిన్నప్పుడు పడుకున్నావుగా.

మ్యూరియల్ గారు కింద ఏం రాసుకున్నా నాకు అభ్యంతరం లేదని ఆవిడకి చెప్పాను. అందుకని కాస్త చోటు వదిలిస్తున్నాను.

నీ అక్క థర్జా
(ఎర్ర గులాబీ, అయిదు రేకులూ తిన్నగా, పక్కన రెండు ఆకులు)

జేబెజ్ గారూ, చోటు చాలానే వదిలారు కానీ రాయడానికి ఒక్కటే ఉంది. ఆవిడ దీన్ని చెప్పొద్దనలేదు, చెప్పనూ లేదు. నిన్న సాయంత్రం మేం టీ తాగుతుంటే నిప్ మెట్ల మీదకి వచ్చింది. ఎప్పటిలాగే ఆగి మూతి పెట్టింది. ఇద్దరం కప్పులు దించలేదు. అది చాలాసేపు వాసన చూసింది. తర్వాత ఒక్కో మెట్టే దిగి, గదంతా ఒకసారి చుట్టి, ఇంజను గది గోడకి వీపు ఆనించి పడుకుంది. థర్జా గారు కుర్చీ కాస్త జరిపి దానికి చోటిచ్చారు.

మ్యూరియల్